పాటల గదికి చేసిన బల్ల

జనగామలో ఒక ఫర్నిచర్ కార్ఖానాలో పెద్ద వడ్రంగిగా పని చేసి, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. నా చేతి మీదుగా పోయిన మంచాలు, బీరువాలు, అద్దాల బల్లలు ఎన్నో నాకే తెలియదు. పెళ్ళిళ్ళ కాలంలో అయితే ఊపిరి తీసుకోవడానికి కూడా సేటును అడగాల్సి వచ్చేది. అవన్నీ ఎవరెవరి ఇళ్ళల్లోనో బుద్ధిగా పడి ఉన్నాయి. కిర్రుమన్నవి ఒకటో రెండో ఉంటాయి, కాదనను. కానీ నోరు విప్పి పాడింది మాత్రం ఒకటే. కార్ఖానాలో కొత్తగా చేరిన పిల్లలు నేను కనబడితే చాలు, దాని సంగతి చెప్పమంటారు. చెప్పిన ప్రతిసారీ అందులో నా పనితనం కాస్త పెరుగుతోందని మా పాలిష్ భాయ్ ఎత్తిపొడుస్తాడు. ఈసారి పెంచకుండా చెబుతాను.

ముందు మా జట్టు గురించి చెప్పాలి. పాలిష్ భాయ్ నాతో పాటే పనిలో చేరినవాడు. చేతిలో గుడ్డ పట్టాడంటే మామూలు చెక్క కూడా పెళ్ళికొడుకులా తయారయ్యేది. అతనికొక పట్టింపు ఉండేది. సొరుగున్న ఏ వస్తువునూ ఖాళీగా గడప దాటనిచ్చేవాడు కాదు. సొరుగులో ఒక ఎండుకొబ్బరి కుడుక, ఒక పసుపు కొమ్ము పెట్టాల్సిందే. ఖాళీ సొరుగు ఇంటికి పోతే లక్ష్మి తలుపు దగ్గరే నిలబడిపోతుందని చెప్పేవాడు. మా సేటు ఎప్పుడైనా మరిచిపోయేవాడేమో గానీ, నమాజు తప్పని ఈ భాయ్ మాత్రం ఒక్కసారీ మరవలేదు.

మూడో మనిషిది భూపాలపల్లి. వయసులో ఉన్నప్పుడు బొగ్గు గనిలో పైకప్పుకు చెక్క దిమ్మెలు నిలబెట్టే పని చేసి, తరువాత మా దగ్గరికి వచ్చాడు. గనిలో అడుగు వేసే ముందు పైకప్పును కర్రతో కొట్టి వింటారట. గట్టిగా మోగితే నిలబడొచ్చు, డొల్లగా పలికితే పక్కకు తప్పుకోవాలి. ఆ అలవాటు మనిషిని వదలలేదు. మేము ఏ బీరువా పూర్తి చేసినా వచ్చి వేళ్ళ కణుపులతో నాలుగు దిక్కులా కొట్టి, చెవి ఆనించి వినేవాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని మేము ఆటపట్టించేవాళ్ళం. అతను నవ్వేవాడు కాదు, ఇంకోసారి కొట్టి వినేవాడు.

ఇక నా సంగతి. నా పనికి నేనే గుర్తు పెట్టుకునేవాడిని. నా చేతి నుంచి వెళ్ళిన ప్రతి సొరుగుకూ వేలాడే ఇత్తడి కడియమే పిడి. పట్టి లాగితే గల్లుమనాలి. అలా గల్లుమంటే జనగామ చుట్టుపక్కల ఎవరైనా అది మా కార్ఖానా సరుకని చెప్పేవారు. సేటు ఒకసారి కొత్త రకం పిడులు తెచ్చి చూపించాడు. అవి మూడు రోజులు నా ముందర కూర్చుని, నాలుగో రోజు వచ్చిన దారినే పోయాయి.

ఆ ఏడు తొలకరి పడి నార్లు పోసిన రోజుల్లో ఒక అమ్మాయి మహబూబాబాద్ నుంచి రైలు దిగి మా దగ్గరికి వచ్చింది. బల్ల కావాలంది. మా సేటు ఆమెను ఆఫీసరు బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. పైన దళసరి అద్దం, కింద అటూ ఇటూ అరలు. ఆమె దాన్ని చూడలేదు. దాని మీదికి వంగి చప్పట్లు కొట్టింది, చెవి అటు పెట్టి విని, తల అడ్డంగా ఊపింది. పక్కనున్న చదువుకునే బల్ల దగ్గరా అంతే. కంప్యూటర్ బల్ల దగ్గరా అంతే. దోమలు బాగా ఉన్నాయనుకుంటున్నదేమోనని సేటు ఫ్యాన్ పెంచాడు. భూపాలపల్లి ఆయన మాత్రం పని ఆపి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. కొట్టి వినే మనిషి లోకంలో ఇంకొకరు ఉన్నారని ఆయనకు ఆ రోజే తెలిసింది.

ఆమె ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. సెలవుల్లో ఊళ్ళు తిరిగి పల్లె పాటలు ఫోన్లో పట్టుకునేది. ఇప్పుడు ఆ ఉద్యోగం మానేసి, ఇంటి వెనుక అర్రనే పాటల గదిగా మార్చుకుంటోంది. గోడలకు బొంతలు వేలాడదీసింది, కంప్యూటర్ తెచ్చింది, రెండు స్పీకర్లు తెచ్చింది. వాటిని పెట్టుకుని కూర్చోవడానికి సరైన బల్ల దొరకలేదు.

తొందర ఎందుకో కూడా చెప్పింది. కురవి దగ్గర పల్లెలో, వరి నాట్లప్పుడు పాడే నాటు పాట ఎత్తే అవ్వ ఒకామె ఉంది. మొదటి నారు కట్ట విప్పినప్పటి నుంచి చివరి మడి గట్టు దాకా సాగే పెద్ద పాట, మొత్తం తెలిసింది ఆమె ఒక్కదానికే. మిగతా ఆడవాళ్ళు వెనక అందుకోవడమే తప్ప ముందు నడపలేరు. పొలంలో ఫోన్తో పట్టబోతే ఒకసారి ట్రాక్టరు, ఒకసారి బోరు మోటారు, ఒకసారి గాలి. చివరికి అవ్వ అమావాస్య నాడు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వస్తానని ఒప్పుకుంది. ఆ రోజు వాళ్ళ ఊళ్ళో ఎవరూ మడిలో కాలు పెట్టరు. మరుసటి అమావాస్యకు నాట్లు అయిపోతాయి. నాట్లు అయ్యాక నాటు పాట పాడితే నారు నారాజవుతుందని అవ్వ పట్టు. వచ్చే ఏడు చూద్దామంటే అవ్వ వయసు అంత భరోసా ఇచ్చేది కాదు. కాబట్టి ఆ అమావాస్య తప్పితే ఆ పాట తప్పినట్టే.

ఏం కావాలో అమ్మాయి స్పష్టంగా చెప్పింది. "అద్దం వద్దు, సొరుగులొద్దు, ఊగేది ఏదొద్దు పెద్దనాయినా. స్పీకర్లు నా చెవుల ఎత్తుకు రావాలె. మీ బల్ల మాత్రం సప్పుడు జెయ్యకుండ ఉండాలె, గంతే."

ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నేల నుంచి చెవి దాకా టేపు పట్టాను. మంచం కోసం పెళ్ళికొడుకు పొడుగు కొలిచాను గానీ ఒకరి చెవులు కొలవడం నా సర్వీసులో అదే మొదలు. ఉస్తాద్ కమ్మలు కూడా చేస్తున్నాడా అని భాయ్ వెనక నుంచి అడిగాడు.

పాత టేకు దూలం ఒకటి దాచుకున్నాను, దాన్ని తీశాను. వెనుక వైపు స్పీకర్లకు ఎత్తు అర, కాళ్ళు కదలకుండా అడ్డపట్టీలు, అన్నీ ఆమె చెప్పినట్టే కుదిరాయి. అక్కడితో ఆపితే ఈ కథ లేదు. చిత్రిక పట్టి దూరం నుంచి చూస్తే బల్ల బోసిగా కనిపించింది. ఉద్యోగం వదిలి కొత్త పని మొదలుపెట్టే ఆడపిల్లకు ఇస్త్రీ బల్ల లాంటిది పంపుతామా అని నేనన్నాను. భాయ్ కూడా అవును పాపం అన్నాడు. వద్దంటే మొహమాటానికి అని ఉంటుందని ఇద్దరం తేల్చేశాం. మన ఇళ్ళల్లో అన్నం వద్దన్నవాడికే కదా ఇంకో ముద్ద వడ్డించేది. రెండు పక్కలా పల్చటి టేకు చెక్కతో గూళ్ళు కట్టి, ఒక్కో పక్క రెండేసి సొరుగులు పెట్టాను. వాటికి మంచి ఇత్తడి కడియాలు వేశాను. భాయ్ కుడుకలు, పసుపు కొమ్ములు పెట్టి సొరుగులు మూశాడు. భూపాలపల్లి ఆయన వచ్చి గూళ్ళ మీద కొట్టి విన్నాడు.

"గిది డొల్ల పలుకుతాంది," అన్నాడు.

గని కాదు కదా కూలడానికి అన్నాను నేను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, అప్పుడైనా ఇప్పుడైనా.

అమావాస్య ముందు రోజే బల్ల చేర్చాలి. ఆ రోజు వాన పట్టింది. మర్నాడు తెల్లవారాక కాస్త తెరిపి ఇస్తే, ట్రాలీ ఆటోలో బల్ల ఎక్కించి ముగ్గురం బయలుదేరాం. కొడకండ్ల దాటగానే మళ్ళీ అందుకుంది. బల్లకు కప్పిన పట్టా గాలికి లేస్తుంటే భాయ్ దాని మీద పడుకున్నంత పని చేశాడు. మహబూబాబాద్ చేరేసరికి అతను తడిసి ముద్దయ్యాడు, బల్ల మాత్రం పొడిగా, నిగనిగలాడుతూ దిగింది.

గదిలో పెట్టి పట్టా తీశాం. అమ్మాయి చూసింది. ఎత్తు చూసింది, కూర్చుని చెవులు చూసుకుంది, ముఖం వెలిగింది. తరువాత కళ్ళు కిందికి దిగాయి. కోపం తెచ్చుకుంటే బాగుండేది, తెచ్చుకోలేదు. ఒక కడియాన్ని వేలితో మెల్లగా తట్టి, "సొరుగులొద్దన్న గదా పెద్దనాయినా," అంది. ముచ్చటగా ఉంటదని పెట్టానన్నాను.

ఆమె కంప్యూటర్ పెట్టి, స్పీకర్లు తగిలించి, ఎప్పుడో పట్టిన డప్పు దరువు వదిలింది. దరువు మొదలవడం, నాలుగు కడియాలూ దానితో పాటు గలగలలాడటం ఒకేసారి జరిగాయి. జాతరలో ఎడ్ల బండి వస్తున్నట్టే ఉంది. ఇంకో సమయంలో అయితే నాకే నవ్వొచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్ళు వచ్చేస్తారు. జీవితమంతా ఏ చప్పుడును నా గుర్తు అని చెప్పుకున్నానో, ఆ చప్పుడే ఆ పిల్ల పాటకు అడ్డం పడింది. స్క్రూడ్రైవర్ తీసుకుని కడియాలు నేనే విప్పాను. పన్ను పీకించుకున్నట్టు ఉంది.

మళ్ళీ దరువు వదిలింది. ఈసారి గలగల లేదు గానీ, లోపలెక్కడో టకటకమంటోంది. భూపాలపల్లి ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కో చోట కొడుతూ, చెవి పెడుతూ బల్ల చుట్టూ తిరిగాడు. అమ్మాయి రెండో వైపు నుంచి అలాగే కొడుతూ, వింటూ వచ్చింది. ఇద్దరూ ఒకే సొరుగు దగ్గర కలిశారు. లాగితే భాయ్ పెట్టిన కుడుక బోర్లా పడి ఊగుతోంది. భాయ్ ముఖం చూడాలి. అమ్మాయి కుడుకను చేతిలోకి తీసుకుని, ఇదెందుకని అడిగింది. లక్ష్మి గురించి భాయ్ వివరించాడు. అప్పుడు నవ్వింది ఆ పిల్ల, పొద్దుటి నుంచి మొదటిసారి. కుడుకలన్నీ తీసి కొంగులో కట్టుకుంది.

కడియాలు పోయాయి, కుడుకలు పోయాయి, అయినా దరువు పడ్డప్పుడల్లా గూళ్ళు గుమ్ముమంటున్నాయి. పల్చటి చెక్క, లోపల ఖాళీ. తాను ముందే చెప్పానని భూపాలపల్లి ఆయన గుర్తు చేశాడు. విప్పుదామంటే నా అతుకులు విడిపోయేవి కావు, ఆ విషయంలో ఈ రోజుకీ నాకు గర్వమే. చివరికి అమ్మాయి పాత బొంతలు తెచ్చింది. సొరుగులు తీసేసి, గూళ్ళలో బొంతలు కుక్కాం. దరువు వదిలితే దరువు ఒక్కటే వినిపించింది. బల్ల నోరు మూసుకుంది. ముగ్గురం గోడకు ఆనుకుని కూర్చుని నీళ్ళు తాగాం.

ఆడవాళ్ళు ఆటో దిగారు. కురవి వీరన్న గుడిలో దండం పెట్టుకుని వచ్చినట్టున్నారు, అందరి నొసళ్ళ మీదా బొట్టు వానకు కారిపోయింది. ముందు అవ్వ. పొట్టి మనిషి, నడుము కొంచెం వంగి ఉంది. బల్లను చూసి బాగున్నదంది. నా ప్రాణం కాస్త లేచి వచ్చింది.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మైకు ముందు పెట్టారు. తలుపులు వేశారు. అవ్వ గొంతు సవరించుకుంది, ఒక ముక్క ఎత్తింది, ఆగింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. పాట తెలియక కాదు, పైకి లేవడం లేదు. నిలబడి చూసింది. మడిలో లాగా వంగి చూసింది. అమ్మాయి, అవ్వ చెవులకు పాటలు వినే యంత్రం తగిలించి అందులో దరువు వినిపించింది. అవ్వ దాన్ని తీసి పక్కన పెట్టేసింది.

"గొంతు లేస్తలేదు బిడ్డా. మడిల కాళ్ళు పడుతుంటె నీళ్ళు పలుకుతయి, దాని మీదనే పాట నడుస్తది. గీ అర్రల ఏ సప్పుడు లేదు, దవాఖాన లెక్కున్నది."

అంతవరకూ చప్పుడు చంపడానికి తిప్పలు పడ్డ మేము ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. అమ్మాయి తలుపు తీసి బయట పాడించుకుందామని చూసింది. బయట వసారా రేకుల మీద వాన దంచుతోంది. ఆటో అతను వచ్చి, వాగు పొంగితే దారి మూసుకుపోతుందని తొందరపెట్టాడు. అమ్మాయి సరేనంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడుచుకుంటే కనబడుతుందని. మైకు తీగ మెల్లగా చుట్టడం మొదలుపెట్టింది. ఆ తీగ చుట్టడం చూడలేకపోయాను.

అవ్వకు తడి బట్టల మీద చలి పట్టింది. వణుకుతుంటే భాయ్ చూశాడు. అటూ ఇటూ వెతికి, దగ్గరలో దొరికింది బల్ల గూట్లో కుక్కిన బొంతే కాబట్టి, దాన్ని లాగి అవ్వ భుజాల మీద కప్పాడు. అవ్వ చల్లగుండమని దీవించి, లేవడానికి బల్ల అంచు మీద చేయి వేసింది. చేయి జారి ఖాళీ గూటి చెక్క మీద పడింది. ధుమ్మని మోగింది.

అవ్వ ఆగింది. అరచేత్తో ఇంకోసారి వేసింది. మడి బురదలో పాదం పడ్డట్టు, మెత్తగా, లోతుగా పలికింది.

"గిదేంది, గిది పలుకుతాంది," అంది అవ్వ. పక్కనున్న ఆడవాళ్ళకు సైగ చేసింది.

కాగల కార్యం గంధర్వులే తీర్చారంటారు. ఇక్కడ భాయ్ బొంత తీర్చింది. ఆడవాళ్ళు బల్ల చుట్టూ చేరి, నాటు వేసేటప్పుడు ఎలా వంగుతారో అలా వంగారు. అమ్మాయి చుట్టిన తీగ విప్పుతూ నేల మీద పాకి, రెండో గూట్లోని బొంత కూడా పీకేసి, ఒక మైకును బల్ల కిందికి తోసింది. అవ్వ కుడిచేత్తో గూటి మీద దరువు వేసింది. మిగతావాళ్ళు దాన్ని అందుకున్నారు. నాలుగు దరువులు పోయాక పాట లేచింది.

అది ఎలా లేచిందో నేను చెప్పలేను, నాకు చెక్క భాష తప్ప వేరే తెలియదు. నారు కట్ట విప్పమని అన్నను పిలవడం, గట్టు మీద సద్ది మరిచిపోయిన వదినను దెప్పడం, మేఘాన్ని ఇంకాసేపు ఆగమని బతిమాలడం, ఒకటి వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. అవ్వ నడుము అంతసేపు వంగినా నొప్పి మరిచిపోయింది. ఆడవాళ్ళ ముఖాల మీద చెమట, నవ్వు. మాకు దగ్గు రాకుండా ముగ్గురం నోట్లో గుడ్డలు పెట్టుకున్నాం. భాయ్ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, వార్నిష్ ఘాటని తరువాత బుకాయించాడు. నాకు మాత్రం దాచుకోవడానికి ఏమీ లేదు, ఏడ్చాను. అంత సంతోషం నా పనిలో అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

చివరి మడి గట్టు దాకా పాట నడిచి ఆగింది. అవ్వ బల్ల మీద చేయి అలాగే ఉంచి ఊపిరి తీసుకుంది. అమ్మాయి కంప్యూటర్లో విని, తల ఊపి, ఒక్క పరుగున వచ్చి అవ్వను పట్టుకుంది. తరువాత కొంగు ముడి విప్పింది. కుడుకలు పగలగొట్టి, బెల్లం ముక్కలతో అందరికీ పంచింది. వాన తగ్గింది. ఆటో అతను కూడా రెండు ముక్కలు తిని, వాగు సంగతి మరిచిపోయాడు.

తిరుగు దారంతా మా ముగ్గురికీ తగువే. నేను గూళ్ళు కట్టకపోతే పాట ఎక్కడిదని నేను, బొంత లాగింది ఎవరని భాయ్. డొల్ల పలుకుతుందని ముందే చెప్పానని భూపాలపల్లి ఆయన కొడకండ్ల దాకా అంటూనే ఉన్నాడు.

పిల్లలూ, ఇది విని సొరుగులు వద్దన్నవాళ్ళకు సొరుగులు పెట్టకండి. మాకు కలిసొచ్చింది, మీకు కలిసి రావాలని లేదు. ఆ తరువాత భూపాలపల్లి నుంచి ఒక కుర్రాడు కూడా పాటల గదికి బల్ల చేయించుకున్నాడు. సొరుగులు వద్దన్నాడు, పెట్టలేదు. చేతులు దురద పెట్టాయి, అయినా పెట్టలేదు. మహబూబాబాద్ బల్ల గూళ్ళు మాత్రం ఈ రోజుకీ అలాగే ఉన్నాయట. అమ్మాయి పట్టిన పాటలు వినేటప్పుడు బొంతలు కుక్కుతుంది, అవ్వలు వచ్చినప్పుడు లాగేస్తుంది. విప్పిన కడియాలు నాకు తిరిగి ఇచ్చేసింది. మా ఇంట్లో మేకుకు వేలాడుతున్నాయి.

మొన్నొక రోజు జనగామ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, చాయ్ బండి అతని ఫోన్లో ఆ పాట వస్తోంది. ఆడవాళ్ళ గొంతుల కింద ధుమ్, ధుమ్మని దరువు. బండి అతను గరిటె ఆపి విన్నాడు.

"గదేం వాయిద్యం కాకా? డప్పు గాదు, డోలు గాదు."

బల్ల అన్నాను. జనగామలో చేసిన టేకు బల్ల.

"బల్ల ఎట్ల పలుకుతది," అని నవ్వాడతను.

అప్పటికి పాట, రెండో మడి దగ్గర అవ్వ ఊపిరి తీసుకోవడానికి ఆగే చోటికి వచ్చింది. అక్కడ గొంతులేవీ ఉండవు, బల్ల ఒక్కటే నడుస్తుంది. ఫోన్ వైపు వేలు చూపించి, చాయ్ చల్లారకుండా తాగాను.